నయీముద్దీన్ భాయ్ మింగిన చీటీ

నయీముద్దీన్ భాయ్ అంత పిరికివాడు మా స్టేషన్ రోడ్డులో ఇంకొకడు లేడు. పదిహేనేళ్లుగా సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాడు. దుకాణం ముందు పోలీసు జీపు ఆగితే చాలు, చేతిలో స్క్రూడ్రైవర్ కింద పడుతుంది. ఎవరైనా గట్టిగా అడిగితే కాదనలేడు. కొంప ముంచింది ఆ మొహమాటమే.

నాలుగు నెలల కిందట భానుచందర్ అనే ఆయన ఒక ఫోను తెచ్చి, "మా పాప దీంట్ల ఏం చూస్తాందో నాకు తెల్వాలె భాయ్. జర ఒక యాప్ ఎయ్యి" అన్నాడు. భాయ్‌కీ ఆడపిల్ల ఉంది. పైగా ఫోను ఎవరు తెస్తే వాళ్లదే అని మా దుకాణాల లెక్క. ఇంకేమీ అడగకుండా వేసిచ్చాడు.

మొన్న శుక్రవారం మధ్యాహ్నం అదే ఫోను మళ్లీ వచ్చింది. తెచ్చింది భానుచందర్ భార్య శోభారాణి, మడికొండ ఐటీ పార్కులో ఊడ్చే పని చేస్తుంది.

"ఊకె వేడెక్కుతాంది భయ్యా. నేను ఎటు పోయినా, ఎవలతోని మాట్లాడినా మా ఆయనకు తెలుస్తాంది" అంటూ మెడ మీద కొంగు సర్దుకుంది. కొంగు కింద కమిలిన మచ్చలు కనిపించాయి.

ఫోను తెరిచి చూస్తే తను వేసిన యాపే. ఆమె కాల్స్, మెసేజీలు, ఫొటోలు, ఉన్న చోటు, అన్నీ మొగుడికి పోతున్నాయి. కావాలంటే మైకు తెరిచి పక్కన మాటలు కూడా వినొచ్చు. యాప్ తీసేస్తే ఆ కబురూ అతనికి చేరుతుంది.

"భయ్యా, నేను మా అక్క..."

"బ్యాటరీ ఖరాబైందక్కా!" అని భాయ్ అరిచాడు.

ఆమె ఉలిక్కిపడింది. భాయ్ రిపేరు చీటీ తీసి దాని మీద గబగబా రాశాడు: "మాట్లాడకు. ఫోను ఇంటాంది. నీ మొగుడు చెప్తే నేనే ఏసిన. మాఫ్ చెయ్యి."

చదివి ఆమె చూసిన చూపుకు భాయ్ తల వంచుకున్నాడు. ఆమె పెన్ను లాక్కుంది. "అక్కకు డోర్నకల్ల రైల్వే క్వార్టర్ ఇచ్చిన్రు. ఆయనకు తెల్వది. ఇయ్యాల్నే పోత."

ఆ యాప్ చూసేది ఫోనునే. కాగితం మీద రాత దానికి కనబడదు, ఫోను వదిలేసి పోయిన మనిషి కూడా కనబడదు. "ఫోను ఈడ పెట్టి నడువు" అని రాసి, పైకి మాత్రం, "పొద్దుగూకే దాంక అయితదక్కా, ఆ కుర్చీల కూసో" అన్నాడు.

ఆమె చప్పుడు చేయకుండా స్టేషన్ వైపు పోయింది.

ఖాళీ కుర్చీని చూస్తూ భాయ్ భయంతో చచ్చాడు. గంటన్నర గడవగానే దుకాణం ముందు భానుచందర్ బండి ఆగింది. చీటీ ఇంకా బల్ల మీదే ఉంది! చింపే టైం లేదు. నోట్లో కుక్కుకున్నాడు.

"మా ఆమె ఏది? ఈడనే ఉన్నట్టు చూపెడ్తాంది!"

పాన్ నములుతున్నట్టు నమిలాడు భాయ్. భానుచందర్ కాలర్ పట్టుకుని పైకి లేపాడు.

"ఎటు పొయింది? చెప్పు!"

కళ్లలో నీళ్లు తిరుగుతుండగా భాయ్ డోర్నకల్‌ను మింగేశాడు.

"ఫోను ఈడనే ఉన్నది అన్నా" అన్నాడు.