అప్పలసామి వాంగ్మూలంలో నేను కలిపిన వాక్యం

కరోనాకు రెండేళ్ల ముందు, వానాకాలం. హిందీ మాట్లాడే ప్రాంతంలోని పారిశ్రామికవాడ ఆదిత్యపూర్‌లో ఇనుపరేకులు నొక్కి లారీల విడిభాగాలు చేసే ఒక చిన్న కార్ఖానాలో నేను టైమ్ ఆఫీసు గుమాస్తాను. హాజరు, సెలవులు చూడటం నా పని. ఎవరికైనా దెబ్బ తగిలితే వాళ్లు చెప్పింది హిందీలో రాసి సంతకం తీసుకోవడం కూడా నా వంతే. దాన్ని స్టేట్‌మెంట్ అంటాం. విచారణంతా ఆ కాగితం మీదే నడుస్తుంది.

అప్పట్లో నాకు కథలు రాసే పిచ్చి కొత్తగా పట్టింది. ఆదివారాలు గోల్‌మురిలో ఒక రిటైరైన తెలుగు మాస్టారింటికి వెళ్లి రాసింది వినిపించేదాన్ని. మెచ్చుకోవడమన్నది ఆయన ఎరగరు. "మనిషి కనపడ్డం లేదమ్మా. ఇది రిపోర్టులా ఉంది. ఆ క్షణాన అతను ఏం చేస్తున్నాడో ఒక్కటి చెప్పు, చదివేవాడు నమ్ముతాడు" అనేవారు. రిపోర్టులు రాసి బతికేదాన్ని కాబట్టి ఆ మాట నాకు బాగానే గుచ్చుకుంది.

ఆ వారంలోనే అప్పలసామి బాబాయి కుడిచేతి వేళ్లు రెండు పవర్ ప్రెస్ కింద నలిగిపోయాయి. పలాస వైపు నుంచి వచ్చి, ఏళ్ల తరబడి అదే మిషన్ మీద పనిచేసిన మనిషి. ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని ఏం జరిగిందని అడిగాను.

"గార్డు నేదమ్మా. మూడ్రోజుల బట్టీ నేదు. జల్దీ జల్దీ అని సూపర్వైజరే తీయించీసినాడు. ముక్క ఎడతన్నాను, ప్రెస్సు దిగిపోనాది."

గార్డు అంటే చెయ్యి లోపలికి పోకుండా అడ్డంగా ఉండే జాలీ. తప్పు కార్ఖానాదని తేలితే ఆయనకు స్టోర్‌లో కూర్చుని చేసే పని ఇస్తారు. ఆయన అజాగ్రత్తని తేలితే ఇంటికి పంపేస్తారు. ఇది మా ఇద్దరికీ తెలుసు.

చెప్పినదంతా రాశాను. చదువుకుంటే చప్పగా అనిపించింది. బాబాయి రోజూ గేటు దగ్గర కార్డు పంచ్ చేస్తూ ఏదో కూనిరాగం తీసేవాడు. 'కూనిరాగం తీసుకుంటూ ముక్క పెడుతున్నాను' అని ఒక్క వాక్యం కలిపాను. అబద్ధమని అనుకోనేలేదు. మనిషి కళ్లకు కట్టాడని మురిసిపోయాను. చదివి వినిపిస్తే నొప్పితో కళ్లు మూసుకునే తలాడించి, ఎడమ బొటనవేలి ముద్ర వేశాడు.

విచారణలో మేనేజరు గార్డు సంగతి వదిలేసి ఆ వాక్యం కింద గీత గీశాడు. "గానా గా రహా థా. ధ్యాన్ కామ్ పర్ నహీఁ థా" అన్నాడు. పాట పాడుతున్నాడు, దృష్టి పని మీద లేదు, అంతే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అది నేను కలిపిన మాటని చెప్పబోయాను.

"తో ఆప్‌నే ఝూఠా బయాన్ లిఖా?"

తప్పుడు వాంగ్మూలం రాశారా అని. నా ఉద్యోగం గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. ఆ పిరికితనానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

నెల తిరక్కుండా బాబాయిని తీసేశారు. బిర్సానగర్‌లో వాళ్లింటికి వెళ్లి, గుమ్మంలో నిలబడే చెప్పేశాను.

"పాట సంగతి నేను కల్పించాను బాబాయ్. నువ్వు చెప్పలేదు."

ఆయన ఎడమచేత్తో పీట నా వైపు జరిపాడు.

"నన్ను ఊరుకోబెట్టడానికి అంటన్నావు. నువ్వు సదివితే నాకు అగుపించీసింది గదమ్మా. పాడతానే ఉన్నాను. నా తప్పే."

"రోజూ అదే మాట" అంది ఆయన భార్య లోపలి నుంచి.

ఎన్ని విధాల చెప్పినా నమ్మలేదు. టీ ఇచ్చి సాగనంపారు.

ఇప్పటికీ కథలు రాస్తున్నాను. కొన్ని అచ్చయ్యాయి కూడా. మాస్టారికి మాత్రం ఈ సంగతి చెప్పలేదు. కథలో పుట్టించిన మనిషి చేత ఏమైనా పాడించుకోవచ్చు. ప్రాణమున్న మనిషి వేలిముద్ర వేసే కాగితం మీద ఒక్క అక్షరం కూడా నాది కాకూడదని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. ఇంతవరకూ నేను రాసినవాటిలో, విన్న ప్రతివాళ్లూ నమ్మింది ఆ ఒక్క వాక్యాన్నే.