కట్టకూడని తాడు

మా అత్త పడవ తాడు తెగిపోయిందని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. తెగలేదు. ఆ మాట పుట్టించింది మా నాన్న. వీధి వీధంతా దాన్నే నమ్మింది, నమ్మి జాలిపడింది కూడా. పాపం, పాత పడవని నమ్ముకుందట! ఏం తెలుసని అంటారు వీళ్ళు?

అత్త అంటే నాన్న చెల్లెలు. రేవు పక్కన తెరచాపలు బాగుచేసే షెడ్డులో ముప్ఫై ఒక్క ఏళ్ళు కుట్టుపని చేసింది. అక్కడ మేడమీద నేలంతా నున్నటి చెక్క. తెరచాపని నేలమీద పరిచి కుట్టడానికి వీలుగా మిషనుని గోతిలోకి దించి ఉంచేవాళ్ళు. అత్త నడుము దాకా ఆ గోతిలో కూర్చుని ఎవరెవరి చాపలకో అతుకులు వేసేది. కుట్లు విప్పుకునే చిన్న వంకర కత్తి ఒకటి ఎప్పుడూ నడుముకి వేలాడుతుండేది.

కుట్టిన చాప గాలికి సరిగ్గా నిలుస్తోందో లేదో చూడటానికి పడవల్లో వెళ్ళి వెళ్ళి, నడపటం కూడా నేర్చేసుకుంది. ఎవరో పారేసిన చిన్న పడవని తెచ్చి, మూడేళ్ళ ఆదివారాలన్నీ దానికే ధారపోసి నిలబెట్టింది. షెడ్డులో మిగిలిన గుడ్డముక్కలతో చాప కుట్టుకుంది. ఒక్కో ముక్కది ఒక్కో రకం తెలుపు. పెళ్ళి చేసుకోలేదు. మా ఇంట్లోనే మేడమీది గదిలో ఉండేది, ఎవరినీ ఏమీ అడిగేది కాదు. ఇది నాది అని ఆవిడ అనుకున్నది ఆ పడవ ఒక్కదాన్నే.

అదే మా వాళ్ళ కళ్ళలో పడింది.

“నీకేమైనా అయితే జనానికి మేం ఏం సమాధానం చెప్పాలి?” అన్నాడు నాన్న. రేవులో పడవ నిలిపే చోటు ఆయన పేరున ఉంది, ఇక ఆయన మాటే చెల్లాలి. “ఒక్కసారి మమ్మల్ని ఎక్కించి తిప్పి తీసుకురా. మాకు భయం వెయ్యకపోతే ఉంచుకో. వేస్తే అమ్మెయ్.”

“సరే అన్నయ్యా” అంది అత్త.

ఇదేం పందెమండీ? మా నాన్నకి నిచ్చెన ఎక్కాలంటేనే వణుకు. అమ్మ లిఫ్టులో కళ్ళు గట్టిగా మూసుకుంటుంది. పైగా నాన్న ఒక పళ్ళ డాక్టరుతో పడవ బేరం ముందే మాట్లాడేసి, ఆ ఆదివారం పదకొండింటికి రేవుకి రమ్మన్నాడు. అత్తకి ఆ సంగతి చెప్పలేదు. నాకు తెలుసు. నేనూ చెప్పలేదు.

ఆదివారం అమ్మ ఇంటి దస్తావేజుల సంచి చంకలో పెట్టుకుని వచ్చింది. “ఇల్లు వదిలేసి వస్తే దొంగలు పడరూ?” అంది.

“నీళ్ళలో పడితేనో వదినా?” అని నవ్వుతూ అత్త అందరికీ తనే లైఫ్ జాకెట్లు బిగించింది.

నాన్న రెండు చేతులా పడవ అంచు పట్టుకుని, ఇంకా కదలకముందే “దీనికి బ్రేకు ఎక్కడే?” అని అడిగాడు.

“ఇదే అన్నయ్యా” అని అత్త చేతిలోని తాడు చూపించింది. చాపని లాగి పట్టే తాడు అది. “గాలి ఎక్కువైతే దీన్ని వదిలేస్తాను. చాప వదులైపోతుంది, పడవ తిన్నగా నిలబడుతుంది. అందుకే దీన్ని చేత్తోనే పట్టుకోవాలి. ఎక్కడా కట్టకూడదు.”

ఎంత తేలిక మాట! చంటిపిల్లలకైనా అర్థమవుతుంది.

అరగంట బాగానే గడిచింది. నిజం చెప్పొద్దూ, చాలా బాగా గడిచింది. అమ్మ ముందు ఒక కన్ను తెరిచింది, తర్వాత రెండోది. “బాగానే ఉందే!” అని కూడా అంది. అప్పుడు చూడాలి అత్త ముఖం! పడవ తనకి దక్కినట్టే అనుకుంది పిచ్చిది. అంతలోనే అమ్మకి కడుపులో తిప్పింది. అత్త ఒక చేత్తో చుక్కాని పట్టుకుని, రెండో చేత్తో అమ్మ నుదురు పట్టుకోవాలి కాబట్టి తాడు నాకిచ్చింది.

“గట్టిగా పట్టుకోరా. కట్టకు.”

మాది పార్సిళ్ళు కట్టే దుకాణం. తాతల నాటి పని. వదులుగా వేలాడే తాడంటే మా ఇంట్లో ఎవరికీ పడదు. బట్టలు ఆరేసే తాడు కాస్త జారినా నాన్నకి ముద్ద దిగదు. ఆయన చెమటలు కక్కుతూ నా చేతిలోని తాడునే చూస్తూ కూర్చున్నాడు.

“జారిపోతుందిరా. కట్టెయ్.”

“అత్త వద్దంది కదా!”

“తాళ్ళ గురించి దానికేం తెలుసు? పుట్టినప్పట్నించీ కడుతున్నవాణ్ణి, నేను చెప్తున్నా. కట్టెయ్!”

కట్టాను. పక్కనున్న ఇనప కొక్కేనికి, లాగినకొద్దీ బిగుసుకునే మా దుకాణం ముడి వేశాను. ఇరవై ఆరేళ్ళవాణ్ణి, పెళ్ళైనవాణ్ణి. నాన్న చెప్పాడు కాబట్టి కట్టానంటే ఎవడు నమ్ముతాడు? నాకూ భయమేసింది, అంతే. కట్టాక హాయిగా కూడా అనిపించింది.

గాలి ఒక్క విసురు విసిరింది. పడవ ఒరిగింది, ఇంకా ఒరిగింది, అంచు మీంచి నీళ్ళు లోపలికి వచ్చేశాయి.

“వదులు! తాడు వదులు!” అని అరిచింది అత్త.

“రావట్లేదత్తా!” నా గోళ్ళు విరుగుతున్నాయి గానీ ముడి కదలదు. అమ్మ సంచిని కావలించుకుని ఒకటే కేకలు. నాన్న జారి వచ్చి నా మీద పడ్డాడు. అత్త మా ఇద్దరి మీంచి చెయ్యి చాపి, నడుము దగ్గరి కత్తితో తాడుని ఒక్క కోత కోసింది. చాప టపటపా కొట్టుకుంది. పడవ లేచి నిలబడింది. అంతా కలిపి నిమిషం కూడా పట్టలేదు.

అత్త డబ్బాతో నీళ్ళు తోడిపోసి, మిగిలిన తాడు ముక్కతోనే చాప సర్దుకుని, మమ్మల్ని గట్టుకి చేర్చింది.

పళ్ళ డాక్టరు గొడుగేసుకుని నిలబడి ఉన్నాడు. నాన్న గట్టెక్కగానే అన్న మొదటి మాట వినండి.

“తాడు తెగిపోయిందండీ! దీని నిర్వాకం ఇలాగే ఉంటుంది, పాత తాళ్ళు, పాత గుడ్డలు. మీరైతే కొత్తది వేసుకుంటారు, భేషుగ్గా పనికొస్తుంది.”

ఎంత సిగ్గులేనితనం! కట్టెయ్ కట్టెయ్ అని నా ప్రాణం తీసిన నోరే అది. అత్త ఆయన వైపు చూడలేదు. నా వైపు చూసింది. చాలాసేపు చూసింది. నేను చెప్పుల్లో నీళ్ళు ఒంపుకుంటూ కూర్చున్నాను.

“అయితే మీకు భయం వేసింది” అంది చివరికి.

“వెయ్యదా మరి? ప్రాణాలు పోయేవి!” అన్నాడు నాన్న.

“సరే. మాటంటే మాటే.” చాప విప్పి, మడతపెట్టి, అతుకులన్నీ అరచేత్తో సాపు చేసి డాక్టరు చేతికిచ్చింది.

ఇంటికి బయల్దేరాం. ముందు నడుస్తున్న నాన్న, ఎదురొచ్చిన వాళ్ళకల్లా తాడు తెగిన కథ చెప్తున్నాడు. ఆయన్ని ఏమీ అనలేక, ఇంటి గుమ్మం దగ్గరికి రాగానే అత్త మీద విరుచుకుపడ్డాను.

“నీ నోట్లో నాలుక లేదా అత్తా? తెగలేదు, వీళ్ళు కట్టారు, నేను కొయ్యకపోతే నలుగురం మునిగేవాళ్ళం అని ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోయింది? పడవ నీకే ఉండేది కదా! ఎందుకు ఊరుకున్నావు?”

ఆవిడ గొంతులో కోపం కూడా లేదు.

“నువ్వు చెప్తావేమోనని చూశానురా” అని మేడ మెట్లెక్కి వెళ్ళిపోయింది.