మలుపు కాలు

మా మేనమామ తిరుపతయ్య అహోబిలం స్వామి పల్లకి మోసే బోయీ. పల్లకి మోసే కర్రకి ముందు కొమ్ము, కుడిపక్కది, తాతల నాటి నుంచీ వాళ్లింటిది. పారువేట ఉత్సవమప్పుడు స్వామి తన పెళ్లికి పిలవడానికి ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరుగుతాడు. హారతి పట్టే ప్రతి ఇంటి ముందూ పల్లకిని ఆ గడపకేసి తిప్పాలి. తిప్పేటప్పుడు ముందు కుడివాడు పాదం ఎత్తకూడదు. ఆ కాలి మీదే పల్లకి తిరుగుతుంది. మామ తిప్పితే లోపలి దీపం కూడా రెపరెపలాడదని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. అది విని ఆయనా మీసం మెలేసేవాడు.

1944 పారువేటలో ఒక వీధిని భక్తితో నీళ్లు చల్లి చల్లి బురద చేసిపెట్టారు. మామ పాదం అందులో దిగబడింది. పల్లకి తిరిగింది, ఒళ్లు తిరిగింది, పాదం తిరగలేదు. మోకాల్లో టప్పుమంది. కాలెత్తేసి ఉంటే బతికిపోయేవాడు. ఎత్తలేదు. హారతి అయ్యేదాకా పళ్లు బిగబట్టి నిలబడి, పక్కవాడు కొమ్ము అందుకున్నాక కూలబడ్డాడు.

ఆ తరవాత కట్లు, పసర్లు. నడుస్తూ నడుస్తూ ఉంటే మోకాలు గొళ్లెం పడ్డట్టు బిగుసుకుపోయేది. చూసినవాళ్లంతా అయ్యో పాపం అన్నారు. పై ఏటి పారువేటకి ఆయన బదులు బామ్మర్ది ఓబులేసు మోశాడు. చివరికి అత్త నారాయణమ్మ పోరుపెట్టి మామని బొగ్గుతో నడిచే బస్సులో నంద్యాల తీసుకుపోయింది. నేనూ వెంట వెళ్లాను. అక్కడ జకరయ్య అనే డాక్టరు మత్తిచ్చి మోకాలు కోశాడు.

తెలివొచ్చాక ఆయనే మంచం పక్కన కూర్చుని చెప్పాడు.

"చూడు తిరుపతయ్యా, రెండెముకల మధ్యన మెత్తగా దిండు మాదిరి ఒకటి ఉంటాది. అది చినిగి మడత పడింది. అందుకే కాలు బిగుసుకుంటాండె. దాన్ని తీసేసినా. ఎముకల్ని పట్టుకునే తాడు గూడా లోపల తెగింది. దాన్ని అతికించేది నా చేత కాదు. తిన్నగా ఎంత దూరమైనా నడువు. బరువెత్తుకొని మాత్రం ఆ కాలి మీద తిరగొద్దు."

"తిరగకుంటే నేనేం బోయీనయ్యా?" అన్నాడు మామ.

ఈ కథ మొత్తంలో మామకి నిజం చెప్పిన పెద్దమనిషి ఆ డాక్టరొక్కడే.

ఆపరేషన్ బాగా కుదిరింది. అదే మామ కొంప ముంచింది. కుంటినన్నాళ్లూ జాలిపడ్డ జనమే, చకచకా నడుస్తున్న మనిషిని చూసి ఒళ్లొంగని సోమరి అన్నారు. పారువేట దగ్గరపడగానే మామ గుడి పారుపత్యం చూసే వరదరాజులు దగ్గరికి వెళ్లాడు.

"వెనక కొమ్ము ఇప్పించండి సామీ. తిన్నగా యాడికైనా మోస్తా. తిరగలేను."

"గుర్రం మాదిరి నడుస్తాండావు, తిరగలేవా? ఎవురికి చెప్తావురా?"

"లోపల తాడు తెగిందంట సామీ. డాక్టరు చెప్పినాడు."

"లోపలిది ఎవురు చూసొచ్చినారు? వెనక కొమ్ము వేరే ఇంటోళ్లది. నీది ముందు. మోస్తే మొయ్యి. లేకుంటే ఇంక ఆ కొమ్ము ఓబులేసు వాళ్లదే."

తాతల నాటి కొమ్ము వదులుకోవడం మామకి చేతకాలేదు. అత్త ఏడ్చి మొత్తుకున్నా వినకుండా భుజం పెట్టాడు. తిన్నని దారిలో పల్లకి ఏ ఇబ్బందీ లేకుండా సాగింది. ఊళ్లోకొచ్చాక మొదటి గడప ముందు తిప్పాడు. మోకాలు పక్కకి జారిపోయింది. మామ పడ్డాడు, పల్లకి ఒరిగింది, మిగతావాళ్లు పట్టేశారు. స్వామికేమన్నా అయిందా అని వీధి వీధంతా పల్లకి మీదికి ఎగబడింది. మోకాలు పట్టుకుని అరుస్తున్న మనిషిని నేనూ అత్తా లేపుకున్నాం. పల్లకి ముందుకు వెళ్లిపోయింది.

వరదరాజులు వెనక్కి తిరిగి అన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

"కత్తి పడిన ఒళ్లని ముందే చెప్పొద్దా?"

కొమ్ము ఓబులేసు ఇంటికి పోయింది. మరుసటేడు పల్లకి మామ గడప ముందుకొచ్చింది. ఓబులేసు తిప్పి నిలబెట్టాడు. మామ గుమ్మంలోంచి కేకేశాడు.

"హారతి తేవే నారాయణమ్మా, బేగా. సామి నిలబడినాడు."

అత్త పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. వీధికి వినపడేట్టే అంది.

"నిలబడనీ. నువ్వు పడిన పొద్దు నిలబడకుండానే పోయినాడు గదా."

మామ గోడ పట్టుకుని లోపలికొచ్చి, తనే కర్పూరం వెలిగించుకుని, పళ్లెంతో వీధిలోకి నడిచాడు. ఆ హారతి కళ్లకద్దుకోడానికి నేను పోలేదు.