వద్దు గడిలో నలభై ఒక్క మంది

బెర్నదీన్ హ్లవాతీ పంతొమ్మిదేళ్ళుగా వాషింగ్టన్‌లో ఉండే మా కాంగ్రెస్ సభ్యుడి స్థానిక కార్యాలయంలో టెలిఫోను దగ్గర కూర్చుంటోంది. పడమటి పెన్సిల్వేనియా కొండల్లోని మా ఊళ్ళో ఉక్కు మిల్లు మూతపడ్డాక, నెల నెలా జీతం వచ్చే చోట్లు మూడో నాలుగో మిగిలాయి. అందులో ఇదొకటి. ఇన్నేళ్ళలో ఆమె సొంత అభిప్రాయం ఏమిటో ఎవరికీ తెలియలేదు. దాన్ని సద్గుణం అనడానికి నేను సిద్ధంగా లేను. చాలాసార్లు అలవాటే సద్గుణం వేషంలో తిరుగుతుంది.

ఆమె పనికి ఒక పద్ధతి ఉంది. ఫోను చేసినవారి పేరు, ఊరు, పిన్‌కోడు, నంబరు అడిగి రాసుకోవాలి. చెప్పింది వినాలి. ఎదురు ప్రశ్న వేయకూడదు. ముందున్న కాగితం మీద ‘కావాలి’, ‘వద్దు’ అనే రెండు గడుల్లో ఒకదానిలో గీత గీయాలి. సాయంత్రానికి ఆ కాగితం ఫాక్సులో వాషింగ్టన్‌కు పోతుంది.

2010 మార్చిలో ఆరోగ్య బీమా బిల్లు ఓటుకు వచ్చే వేళకు మా సభ్యుడు ఇంకా ఎటూ తేల్చుకోలేదు. బెర్నదీన్ ఇంట్లో తమ్ముడు ఎమిల్ ఉన్నాడు, యాభై ఎనిమిదేళ్ళవాడు. మిల్లుతో పాటే అతని బీమా పోయింది, చక్కెర జబ్బు మాత్రం ఉండిపోయింది. పాత జబ్బున్నవాడికి ఏ కంపెనీ బీమా ఇవ్వదు. బిల్లు నెగ్గితే ఇవ్వక తప్పదు. అందాకా డబ్బు చాలక అతను ఇన్సులిన్ సగం మోతాదే పొడుచుకుంటున్నాడు.

ఈస్టరు ముందు వచ్చే తపస్సు కాలం నాలుగో ఆదివారం, చర్చిలో పూజ చివర ఫాదర్ ఒక విన్నపం చదివాడు. ఈ బిల్లు వస్తే జనం సొమ్ము అబార్షన్లకు పోతుంది, మన సభ్యుడికి ఫోను చేసి చెప్పండి అని. పోతుందో పోదో లాయర్లకే తేలలేదు. సోమవారం పొద్దున్నుంచి ఫోను మోగడం ఆగలేదు.

గొంతులన్నీ బెర్నదీన్ ఎరిగినవే. శుక్రవారాల్లో చర్చి కింది గదిలో ఒకే బల్ల చుట్టూ కూర్చుని, ఉడికించిన బంగాళాదుంప పెట్టి కజ్జికాయల్లా అంచులు నొక్కుతూ పిరోగీలు చేసే ఆడవాళ్ళు. అయినా ఫోనులో ఇరువైపులా కొత్తవాళ్ళలాగే మాట్లాడుకున్నారు. ఊరంతా తేతా, అంటే అత్త, అని పిలిచే ఎనభై ఏళ్ళ ఓల్గా కూడా తన పిన్‌కోడు వల్లెవేసింది.

“రాసుకో అమ్మాయ్. ఆ అబార్షన్ ముక్క నాకు ససేమిరా ఇష్టం లేదు. కడుపులో బిడ్డ బిడ్డే. మీ దొరకు చెప్పు, దేవుడు చూస్తున్నాడని. ఆఁ, మా మనవరాలికి మూత్రపిండాలు పాడయ్యాయి, తెలుసుగా నీకు. సరే, ఉంటా.”

బెర్నదీన్ వద్దు గడిలో గీత గీసింది. అబార్షన్ మాట ఎత్తి కాదన్నవాళ్ళను అక్కడే వేయాలని కార్యాలయం ఆదేశం. శుక్రవారం నాటికి అలాంటి గీతలు నలభై ఒకటి అయ్యాయి. తన తమ్ముడి మీద తానే గీతలు గీస్తున్నట్టు ఆమెకు అనిపించకపోలేదు. అయినా గీస్తూనే పోయింది.

శుక్రవారం బల్ల దగ్గర ఓల్గా పిండి వత్తుతూ అంది, “ఏమే, మీవాడు బిల్లుకు ఒప్పుకున్నాడా? అంత గట్టిగా అడిగాను.”

“నువ్వు వద్దన్నావుగా తేతా. నీ గీత వద్దులో ఉంది.”

“నేనెప్పుడు వద్దన్నానే? ఆ ముక్క వద్దన్నాను. పిల్ల సంగతి ఎందుకు చెప్పాననుకున్నావు, నీకు పొద్దుపోవడానికా?”

బెర్నదీన్ చేతిలో పిండి ఆగింది. తమ జనం తీరు ఆమెకు తెలియనిది కాదు. ముందు ఫిర్యాదు చెబుతారు. అడగవలసింది చివర, ఫోను పెట్టేస్తూ, ఏదో గుర్తొచ్చినట్టు చెబుతారు. అప్పు పుట్టించుకోవాలన్నా, పెళ్ళికి పిల్లను అడగాలన్నా అంతే. తాను వారమంతా మొదటి సగమే రాసుకుంది.

ఎదుట కూర్చున్న రెజీనా చేతులు దులుపుకుంది. “నాది మాత్రం వద్దే. పూర్తిగా వద్దు. మీ తమ్ముడి కోసం నా గీతను తిప్పబోకు, బెర్నీ.”

“తిప్పను.”

“మాటవరసకు చెప్పాన్లే. ఆకలిగొన్నవాడి చేతికి గరిటె ఇస్తే ఏం జరుగుతుందో అందరికీ తెలుసు.”

రెజీనా మళ్ళీ పిండి అందుకుంది.

శనివారం సెలవు. బెర్నదీన్ ఒంటరిగా కార్యాలయం తలుపు తీసుకుని, ఆ నలభై ఒక్క మందికీ తిరిగి ఫోను చేసింది. ఒక్కటే ప్రశ్న, అందరికీ ఒకే మాటల్లో: “ఆ ముక్క మారకపోతే, బిల్లు మొత్తం కావాలా, వద్దా?” ఇరవై ముగ్గురు కావాలన్నారు. పదకొండు మంది వద్దన్నారు. ఏడుగురు చాలాసేపు మాట్లాడలేదు. ఆ మౌనానికి ఆమె కాగితం అంచున మూడో గడి గీసింది. ఒక మనిషి మనసును ఒక గీతగా మార్చగలమన్న నమ్మకం మీద మన ప్రజాస్వామ్యమంతా నిలబడి ఉంది. ఆ నమ్మకం లేకుండా ఏ ప్రభుత్వమూ నడవదు. దాన్ని పూర్తిగా నమ్మినవాడు మాత్రం మనుషులతో ఎన్నడూ మాట్లాడి ఉండడు.

కొత్త కాగితం ఫాక్సులో పంపిన గంటకే వాషింగ్టన్ నుంచి కార్యాలయ అధికారి కోరిన్ ఫోను చేసింది.

“వాళ్ళకు తిరిగి ఫోను చేయమని మీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదండీ. నేను తప్పు రాశాను. సరిచేశాను.”

“మీ తమ్ముడి సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. బయట తెలిస్తే ఏమంటారో ఆలోచించారా?”

“ఆలోచించే ఆ పదకొండూ రాశానండీ. ఆ ఏడుగురినీ నావైపు కలుపుకోలేదు.”

కోరిన్ నిట్టూర్చింది. ఆమె చెడ్డది కాదు, అలసిపోయింది. “కొత్త కాగితం వాడలేను. పాతది కూడా ఇక వాడలేను. రెండూ పక్కన పెడుతున్నాను. సోమవారం మామూలుగా రండి.”

ఆదివారం ఓటు జరిగింది. అబార్షన్లకు ప్రభుత్వ సొమ్ము పోకుండా అధ్యక్షుడు ఉత్తర్వు ఇస్తానన్నాడు. ఆ ఆధారం చూసుకుని మా సభ్యుడు బిల్లుకు ఓటేశాడు. బెర్నదీన్ కాగితం ఆయన కంట పడనే లేదు. ఆమె నిజాయితీ ఫలించిందని రాస్తే బాగుండేది. అది ఫలించలేదు, చెడనూ లేదు. ఎవరికీ తగలకుండా పోయింది.

సోమవారం పని ముగించుకుని ఆమె బిల్లు సారాంశం ఇంటికి తెచ్చింది. వంటగది బల్ల మీద కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

“మరి నాకు ఎప్పటినుంచే?” అన్నాడు ఎమిల్.

“పిల్లలకు ఈ ఏడే. పెద్దవాళ్ళకు 2014 జనవరి.”

“నాలుగేళ్ళా?”

“మధ్యలో ఏదో తాత్కాలిక పథకం పెడతారట. నెలకు ఎంత కట్టాలో ఇంకా తేల్చలేదు.”

ఎమిల్ మేజోడు విప్పి, కుడికాలి వేళ్ళు ఒక్కొక్కటీ తడిమి చూసుకున్నాడు. రెండింటిలో స్పర్శ లేదని ఆమెకు తెలుసు.

“అంటే నాలుగేళ్ళు చావకుండా ఉండాలి. మిల్లు పోయాక నాకు ఇదే మొదటి ఉద్యోగం.”

“రేపటినుంచి మోతాదు పూర్తిగా పొడుచుకో.”

“నువ్వు జూన్‌లో పని మానేస్తానన్నావుగా.”

“మాననులే,” అంది బెర్నదీన్.

ఆమె లేచి అతని ఎదుట కూర్చుని, రెండో మేజోడు తానే విప్పి, ఆ కాలు తన ఒడిలోకి తీసుకుని, ఆ వేళ్ళు కూడా చూడసాగింది.