తిమోతి బెల్టు

శ్రీరాంపూర్‌లో బొగ్గుగని పైకప్పు కూలకుండా దిమ్మెలు బిగించడం తిమోతి పని. డ్యూటీ దిగాక క్వార్టర్ వెనకాల, తానే చేసుకున్న చెక్క చట్రంలో గేర్ల సైకిల్ వెనక చక్రాన్ని ఇరికించి, వెల్లకిలా పడకుండా సైకిల్‌ను చట్రానికి బెల్టుతో కడతాడు. గనిలో దిమ్మెలను చూసినట్టే వేలితో తట్టి బిగువు చూసుకుంటాడు. ఆపైన చేతులు చాచి, నడుము వెనక్కి వేసి, ముందు చక్రాన్ని గాలిలో నిలిపి అరవై దాకా లెక్కపెడతాడు. పోయినేడు జైనూర్ అడవి దారిలో పడి చెయ్యి విరగ్గొట్టుకున్న చిన్న కాలువను ఈ ఆదివారం ఇలాగే ముందు చక్రం ఎత్తి దాటాలని అతని పట్టుదల.

ఆ సాయంత్రం ఆరేసిన బట్టలు తీస్తున్న కూతురు స్తుతి ఆగి చూసింది. "బాపూ, బెల్టు తీగలెక్క గుంజుకున్నది. సైకిల్‌ను ఆపుతున్నది అదే, నువ్వు కాదు."

"వదులుంటే పానం మీదికొస్తది బిడ్డా."

"గది గనిల ముచ్చట. ఈడ వదులుండాలె."

తిమోతి దిగి, బెల్టును రెండు రంధ్రాలు వదులు చేసి మళ్లీ ఎక్కాడు. ఈసారి బెల్టు వేలాడుతూనే ఉంది. ముందు చక్రం లేచి, మూడు లెక్కపెట్టగానే దబ్బున పడింది. స్తుతి నవ్వు ఆపుకుంది.

అతను జైనూర్‌లోని మిత్రుడికి ఫోన్ చేశాడు. "ఆదివారం వస్త గానీ, కాలువకాడ దిగి నడుస్త. నాకింకా మూడు దాకనే వస్తది."