పట్టుకోండమ్మా

గతుకు కనిపిస్తే మా బాబాయి బైకు మీద సగం లేచి, వెనక పెట్టెలోని పూతరేకులతో "కాస్త పట్టుకోండమ్మా" అనేవాడు. అయినా ఆత్రేయపురం నుంచి రావులపాలెం కొట్టుకు చేరేసరికి కొన్ని విరిగేవి. విరిగినవి కొట్టాయన తీసుకోడు. అవి మేమే తినేవాళ్ళం.

పొడవు, బోల్టు రంధ్రం, స్ప్రింగు మెత్తదనం కొలిచి చూసుకుని, వేరే మోడల్ బండి షాక్ అబ్జార్బర్లు తెచ్చి వెనక బిగించాను. ఆ రోజు నేనూ బండెక్కాను. మొదటి గతుకులోనే బాబాయి మళ్ళీ లేచాడు.

"షాకులు మార్చాం కదా బాబాయ్?"

"పెట్టెలో వాటికి తెలీదు కదరా."

కొట్టు దగ్గర పెట్టె తెరిస్తే ఒక్కటీ విరగలేదు. బాబాయి మురిసిపోయాడు. కాసేపాగి, ఒకదాన్ని బొటనవేలితో మెల్లగా నొక్కాడు.

"అయ్యో, ఇదొకటి విరిగిందండి" అని కొట్టాయనకు చెప్పి, సగం నా నోట్లో పెట్టాడు.