లడ్డూలు బ్యాన్ చేసిన మధ్యాహ్నం

మా అమ్మాయి నిశ్చితార్థం పట్టుచీరకి నెయ్యి మరక ఎలా పడిందని అందరూ అడుగుతున్నారు. తప్పు నాదే. అదీ నిద్రలో చేసింది.

ముందురోజు పొద్దున్నుంచి కూర్చుని రెండొందల లడ్డూలు చుట్టేను. మాది అనకాపల్లిలో బెల్లం వ్యాపారం కదా, లడ్డూలు కూడా బెల్లం పాకంతోనే. భోజనాలయ్యేక హాల్లో చాప మీద నడుం వాల్చేను. బయట సన్నగా జల్లు. ఇల్లంతా నెయ్యి, యాలకుల వాసన. ఫ్యాను గాలికి కర్టెన్ లేస్తోంది, పడుతోంది. పక్కన మా మామగారు టీవీ చూస్తున్నారు. ఆయనకి చెవుడు, సౌండ్ ఫుల్లుగా పెడతారు.

కళ్లు మూతపడ్డాయి. లడ్డూలన్నీ పళ్లెంలోంచి లేచి వెళ్లి, మా దగ్గర్లోని కొండకర్ల ఆవ చెరువులో కలువల్లాగ నీళ్ల మీద తేలుతున్నాయి. నేను పడవలో కూర్చుని ఒక్కొక్కటీ ఏరుతున్నాను. ఇంతలో ఎక్కణ్ణుంచో ఓ గంభీరమైన గొంతు వినబడింది. "నేటి నుంచి లడ్డూలు నిషేధం. ఎవరింట్లో దొరికినా జైలు."

పడవలోంచే కాబోయే వియ్యపురాలికి ఫోన్ చేసేను. ఆవిడుండేది పాయకరావుపేటలో. "వదినగారూ, లడ్డూలు బ్యాన్ చేసేరంట. రేపు మీరు తెచ్చేవి ఎవరికీ కనబడకుండా తెండి" అన్నాను. "ఇదేటండీ, ఇలాగయింది" అన్నారావిడ. మళ్లీ పడవ, మళ్లీ నీళ్లు.

లేచేసరికి టీ టైమయింది. ఎంత చక్కటి కల అనుకుని, నాలో నేనే నవ్వుకుని పనిలో పడిపోయేను.

మర్నాడు మగపెళ్లివారి కారు వచ్చింది. పళ్లు తెచ్చేరు, పూలు తెచ్చేరు, లడ్డూలు మాత్రం కనబళ్లేదు. వియ్యపురాలు నన్ను గదిలోకి తీసుకెళ్లి గడియ పెట్టేరు. సూట్‌కేస్ తెరిచేరు. పైన మా అమ్మాయికి పెట్టే పట్టుచీర, దాని కింద తువ్వాలు, తువ్వాలు కింద లడ్డూల డబ్బా.

"టోల్‌గేట్ దగ్గర పోలీసుల్ని చూసి గుండె జారిపోయిందండీ. మా ఆయనైతే దారిలోనే బీపీ మాత్ర వేసుకున్నారు" అన్నారు గుసగుసగా.

"లడ్డూలకి పోలీసులేటండీ?"

"మీరే కదా ఫోన్ చేసి చెప్పేరు."

ఫోన్ తీసి చూసేను. నిన్న మధ్యాహ్నం, ఆవిడ నంబరుకే, రెండు నిమిషాలు మాట్లాడేను. తలుపు తీసి మామగార్ని పిలిచి, నిన్న టీవీలో ఏం చూసేరని చెవి దగ్గర గట్టిగా అడిగేను.

"అదా? కార్టూనమ్మా. ఊరికి ఓ పిల్లి మేయరు. జనాల పళ్లు పుచ్చిపోతున్నాయని లడ్డూలు బంద్ చేసీసింది. మంచి ఎపిసోడ్" అన్నారాయన.

వియ్యపురాలు మంచం మీద కూలబడ్డారు. చీర మడత విప్పితే అరచేయంత నెయ్యి మరక. ఇంక ఈ సంబంధం ఇక్కడితో సరి అనుకున్నాను. ఆవిడ కాసేపు నన్ను చూసేరు, కాసేపు మామగార్ని చూసేరు. తర్వాత నెమ్మదిగా డబ్బా మూత తీసి ఓ లడ్డూ నోట్లో పెట్టుకున్నారు.

"ఇంత దొంగతనంగా తెచ్చేం, రుచైనా చూడాలి కదా" అని నవ్వడం మొదలెట్టేరు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చేయి. మరక కుచ్చిళ్లలోకి పోయేటట్టు మా అమ్మాయికి చీర కట్టి పీటల మీద కూర్చోబెట్టేం. లేచి నడిచేసరికి అందరికీ కనబడనే కనబడింది.

ఇప్పుడు పెళ్లిపనుల కోసం ఆవిడకి రోజూ ఫోన్ చేస్తున్నాను. నేను హలో అనగానే ఆవిడ అడిగే మొదటి మాట ఒకటే.

"వదినగారూ, మెలకువగానే ఉన్నారా?"